కోనసీమ బడులు: పన్ను కట్టినవారును, చదువుకొన్నవారును

ఒక ప్రాంతపు బడుల చరిత్ర తెలిసికొనవలెనన్న రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడవలయును. బడికి డబ్బిచ్చినవారి జాబితా ఒకటి, బడిలో కూర్చున్న పిల్లల జాబితా మరియొకటి. ఈ రెండును ఒకటియే అయినచోట బడి ఒక విధముగా నడచును, వేరైనచోట వేరొక విధముగా నడచును. పరీక్షలలో ఎందరు నెగ్గిరి, ఎందరు తప్పిరి అను లెక్క ఈ రెండింటి తరువాతనే వచ్చును. గౌతమికిని వసిష్ఠకును నడుమ, వైనతేయ చీల్చుకొని పారుచుండగా, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములు కోనసీమ యను పేర వెలసియున్నవి. ఈ సీమ బడుల కథను ఇన్నూరేండ్ల పొడవున ఈ రెండు జాబితాలను చేతబట్టుకొని చూడబూనితిమి.

మొదటి జాబితా దొరకునది 1822 నాటి విచారణలో. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో ఆ సంవత్సరమున జిల్లా కలెక్టర్లందరిని ఒక పట్టిక నింపి పంపుమని కోరెను. బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులమువారు ఎందరు, బాలురెందరు, బాలికలెందరు అనునవి అందులోని గడులు. నాటి కోనసీమ రాజమహేంద్రవరము జిల్లాలోనిది. ఆ జిల్లా కలెక్టరు 1823లో పంపిన సమాధానము నేటికిని నిలిచియున్నది. జిల్లా జనసంఖ్య 7,38,308. బడులు 291. చదువుకొనుచున్న పిల్లలు 2,658 మంది, అనగా ఇంచుమించు 278 మంది జనమునకు ఒక్కరు. వారిలో బ్రాహ్మణ బాలురు 904, వైశ్య బాలురు 653, శూద్ర బాలురు 466, ఇతర కులములవారు 546, మహమ్మదీయ బాలురు 52. అన్ని కులములకును కలిపి, అంత పెద్ద జిల్లాలో, బాలికలు 37 మంది.

ఇండ్లలో తండ్రియొద్దనో మామయొద్దనో చదువుకొన్నవారు ఈ లెక్కలోనికి రాలేదని మన్రోయే గుర్తించెను. కాబట్టి అక్షరము తెలిసినవారు దీనికంటె అధికముగనే ఉందురు. కాని ఎవరి ఇండ్లలో అట్టి చదువు నడచుచుండెనో ఊహించుట కష్టము కాదు. ఇండ్ల చదువును కలిపినను జాబితా పొడవు పెరుగునే కాని దాని రూపు మారదు.

అదే పత్రములో ఉన్నతవిద్య గడి వేరుగా నున్నది. వేదము, శాస్త్రములు చెప్పు స్థలములు జిల్లాలో 279, విద్యార్థులు 1,454 మంది. ఆ గురువులలో 69 మందికి ఇనాము భూములు, 13 మందికి పూర్వపు జమీందారు లేర్పరచిన నగదు వర్షాశనములు కలవు. మిగిలిన వారిలో చాలమంది తమ ఇంట, తమ అన్నముతోనే శిష్యులకు పాఠము చెప్పుచుండిరి. కోనసీమ అగ్రహారములు ఈ విద్యకు పట్టుగొమ్మలు. జగన్నాథ పండితరాయలు పుట్టినది ముంగండ యని ప్రసిద్ధి. ఇనాము భూమిని దున్నినవారి చెమటతోనే ఈ చదువు సాగినది. దున్నినవారి పిల్లలకు ఆ గుమ్మములోనికి ప్రవేశము లేదు. తొలినాటనే రెండు జాబితాలు ఎంత దూరముగా నుండెనో చూడుడు.

వీధిబడుల ఆర్థికము వేరు. అక్కడ పంతులుగారికి ఇనాము లేదు. నెలనెలకు పిల్లలు తెచ్చు కొద్దిపాటి జీతము, పంట ఇంటికి వచ్చినపుడు కొలిచి ఇచ్చు ధాన్యము, దసరా పండుగకు పిల్లలు గిలకలు చేతబట్టి ఇల్లిల్లు తిరిగి తెచ్చిన కానుకలు, ఇవియే ఆయన రాబడి. ఇసుకలో దిద్దించి, గుణింతము వల్లెవేయించి, ఎక్కములు కంఠస్థము చేయించి, కొలతలును వడ్డీ లెక్కయు వచ్చిన తరువాత పిల్లవానిని పంపివేయును. అన్నిటికంటె ఎక్కువగా కోమటి పిల్లలును కరణముల పిల్లలును ఈ లెక్కలకే వచ్చుచుండిరి. ఇచ్చినవాడే చదువుకొనెడి బడి యిది. ఇయ్యలేనివాడు అడిగినవాడు కాడు, అతనిని అడిగినవారును లేరు.

ఆ వెనుక కాలము చెడ్డది. నందన నామ సంవత్సరపు కరువు, తుపానులు, శిస్తు భారము ఒకదానివెంట నొకటి వచ్చి జిల్లాను కుంగదీసినవి. 1821లో 7,38,308గా నుండిన జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి పడిపోయినది. ఇరువది ఏండ్లలో నలుగురిలో ఇంచుమించు ఒక్కరు లేకుండపోయిన సీమలో వీధిబడి పంతులుకు జీతమిచ్చునది ఎవరు? 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట ఈ గతిని మార్చెను. వైనతేయమీదుగా గన్నవరము అక్విడక్టు కట్టి నగరపు లంకకు, అనగా నేటి రాజోలు వైపునకు, నీరు తరలించిరి. వరి స్థిరపడెను, కొబ్బరి విస్తరించెను, రైతుచేతిలో నగదు ఆడజొచ్చెను.

ఇక్కడనే మన కథలో అన్నిటికంటె ఆసక్తికరమైన ఘట్టము కలదు. రాజమహేంద్రవరము సబ్‌కలెక్టరు జి. ఎన్. టేలరు వసిష్ఠకు ఆవలి ఒడ్డున, రాజోలు వారికి పడవదాటు దూరముననున్న నరసాపురములో 1850 దశకపు తొలి సంవత్సరములలో ఒక బడి పెట్టించెను. దాని వెంట పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు వెలసినవి. పొరుగూళ్ళ రైతులు వీటిని చూచి, మా ఊళ్ళలోను పెట్టించుడు, అందులకు మేము కట్టు శిస్తుమీద కొంత చేర్చి ఇత్తుమని ముందుకు వచ్చిరి. ఊరు తనపై తాను పన్ను వేసికొని దేశభాషా పాఠశాలను నడుపుకొనుట మద్రాసు రాజధానిలో గోదావరి డెల్టా చూపిన మార్గమే. వీటికి ‘రేటు’ పాఠశాలలని పేరు వచ్చెను.

రైతు కింత తొందర ఏల కలిగెనని ఆలోచింపవలెను. మా తలంపున దీనికి కారణము విద్యాభిమానము మాత్రమే కాదు. ఆనకట్ట వచ్చిన పిమ్మట నీటి తీరువ, శిస్తు రసీదు, పట్టా, తాకట్టు పత్రము, కోర్టు సమను మొదలగు కాగితములు రైతు ఇంటికి నడచి వచ్చినవి. అవి చదువుటకు కరణము గడప తొక్కవలసి వచ్చినప్పుడెల్ల రైతుకు ఖర్చు, అవమానము, అప్పుడప్పుడు మోసము. తన కొడుకు చదివిన ఆ గడప తప్పును. అనగా రేటు పాఠశాలకు డబ్బు కట్టినవాడు తన కొడుకు కొరకే కట్టెను. అట్టి ఊళ్ళలో రెండు జాబితాలు తొలిసారి ఒకటి కాజొచ్చెను. గోదావరి సీమలో వరి పండించు కులముల పిల్లలు గుంపుగా బడిలోనికి వచ్చుటకు ఇది నాంది.

కాని ఈ ఏర్పాటులో ఒక మెలిక కలదు. పేరునకు ఇది ఇష్టపడి ఇచ్చునది, వసూలు మాత్రము శిస్తుతోబాటు, శిస్తు వసూలుచేయు చేతులతోనే జరిగెను. శిస్తు అడుగు ఉద్యోగి బడిపన్ను కూడ అడిగినపుడు కాదనుటకు ఏ రైతుకు గుండె యుండును? ఇష్టము ఎక్కడ ముగిసెనో, ఒత్తిడి ఎక్కడ మొదలాయెనో చెప్పుట కష్టమైనది. దీనికి చట్టబద్ధత కల్పించుటకే 1863లో మద్రాసు విద్యాచట్టము, ఆ సంవత్సరపు ఆరవ చట్టము, వచ్చినది. ఊరివారు కోరిన పన్ను వేసికొనవచ్చునని అది చెప్పెను. కోరినవారు మిక్కిలి తక్కువ. 1871లో స్థానిక నిధుల చట్టము వచ్చి భూమి విలువపై రూపాయికి అణా మించని పన్ను విధించెను. ఇందులో పెద్ద భాగము రోడ్లకు పోయెను, మిగిలినది బడులకు, ఆసుపత్రులకు. ఊరి పన్ను ఊరి బడికే యను సూత్రము ఇట్లు అంతరించి, డబ్బు జిల్లా పెట్టెలో పడజొచ్చెను. 1884 చట్టముతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడి ఆ పెట్టె తాళపుచెవి పుచ్చుకొన్నవి. బోర్డు ఎన్నికలలో ఓటు పన్ను కట్టువారికే. కావున బడి ఏ ఊరికి, ఊరిలో ఏ వీధికి అని తీర్మానించినవారు భూస్వాములును ప్లీడర్లును.

ఈ కాలపు మరియొక ఏర్పాటు ఫలితములనుబట్టి గ్రాంటు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించును. ఏ తరగతిలో ఎందరు, ఏ పాఠములో నెగ్గిరో లెక్కగట్టి ఆ దామాషాలో పంతులుకు డబ్బు ముట్టును. చూచుటకు న్యాయముగనే యున్నది. కాని మందబుద్ధి యనిపించుకొన్న పిల్లవాడు, పంట కోతకు పోయి నెల తరువాత వచ్చిన పిల్లవాడు, పుస్తకము కొనలేని పిల్లవాడు పంతులుకు నష్టపు సరుకయ్యెను. బడి బాగుగా నున్నదని చూపుటకు సులువైన మార్గము బాగుగా చదువువారినే చేర్చుకొనుట. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ పద్ధతిని తొలగించిరి. ఇప్పటికిని ర్యాంకులతో అచ్చువేసిన గోడపత్రికలను చూచునపుడు దాని ఆత్మ ఎక్కడికిని పోలేదని మాకు తోచును.

ఇక రెండు జాబితాలలోను పేరులేని వారి మాట. కోనసీమ జనములో మాల, మాదిగ కుటుంబములు పెద్ద భాగము. వరి నాటినది వారు, కాలువ గట్లు వేసినది వారు. పన్ను జాబితాలో వారి పేరు లేకపోవుటకు కారణము భూమి లేకపోవుటయే. అయినను పన్ను వారిమీద పడలేదనుట సరికాదు. భూస్వామి కట్టిన అణా కౌలులోను కూలిలోను తిరిగి వసూలయ్యెడిది. వారి పిల్లలకు ఏడెనిమిదేండ్లు వచ్చునప్పటికి పశువుల వెంబడి పాలేరుతనము సిద్ధముగ నుండెడిది. 1836లో గోదావరి డెల్టాకు వచ్చిన బౌడను, బీరు అను మిషనరీల వెనుక పేటలలో చిన్న బడులు వెలసినవి. అవి పూరిపాకలే యైనను ఆ పిల్లలకు పలక ఇచ్చిన తొలి చోటులు. ప్రభుత్వము 1893లో పంచమ విద్యకై ఒక విస్తృతమైన ఉత్తరువు జారీచేసి, వారి కొరకు ప్రత్యేక పాఠశాలలకును ఉపాధ్యాయ శిక్షణకును దారి చూపెను.

ఉత్తరువు వేరు, ఊరు వేరు. 1919లో మద్రాసు ప్రభుత్వము తన లెక్కను తానే చూచుకొన్నపుడు, రాజధాని మొత్తములో ప్రభుత్వ యాజమాన్యపు పాఠశాలలు 8,157 ఉండగా పంచమ పిల్లలను చేర్చుకొన్నవి 609 మాత్రమే యని తేలినది. వందకు ఎనిమిదియైనను లేవు. కారణము వింతగా సరళమైనది. బడి అగ్రహారములోనో, దేవాలయపు మండపములోనో, చావడిలోనో, ఎవరో ఇచ్చిన అద్దె ఇంటిలోనో నుండెడిది. పిల్లవానిని బడిలో చేర్చుకొనరాదని ఏ చట్టమును చెప్పలేదు, ఆ వీధిలో అడుగుపెట్టరాదని ఊరు చెప్పెను. అందరి పన్నుతో నడచు బడిని కొందరి వీధిలో పెట్టుటవలన కలిగిన ఫలమిది. బడి ఎక్కడ కట్టవలెనను ప్రశ్న కేవలము స్థలముకు సంబంధించినది కాదని ఈ ఒక్క లెక్క చాటుచున్నది. ఆ పిమ్మట లేబరు శాఖ పేటలకు దగ్గరగా వేరు బడులు తెరచెను. పెద్దలు వాటిని నేటికిని లేబరు స్కూళ్ళనియే పిలుతురు. బడి దగ్గరకు వచ్చెను, కాని వేరుగా వచ్చెను.

ఇదే కాలమున కాకినాడలో మరియొక ప్రయత్నము సాగెను. పిఠాపురము మహారాజు సొమ్ముతో, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి నడిపింపున, పిఠాపురము రాజా కళాశాల తలుపులు స్త్రీలకును హరిజన విద్యార్థులకును తెరువబడినవి. కోనసీమనుండి గౌతమి దాటి పోయి చదువుకొనవలెనన్న అన్నము, పడక, బట్ట కావలెను. వసతిగృహము లేనిదే కళాశాల ద్వారము తెరచియున్నను మూసియున్నట్లే యని ఆయన గ్రహించెను. బీదవిద్యార్థికి చదువు ఖర్చుకంటె తిండి ఖర్చు పెద్దదని గ్రహించిన పరిపాలకులు ఆ దినములలో చాల అరుదు.

1920 ప్రాథమిక విద్యాచట్టము బోర్డులకు విద్యాపన్ను వేయు అధికారమిచ్చెను, నిర్బంధ విద్యకు వీలు కల్పించెను. నిర్బంధము చేయు ధైర్యము కొద్ది బోర్డులకే కలిగెను. 1934లో తాలూకా బోర్డులు రద్దైనవి. హైస్కూళ్ళు పెరిగినవి. కొబ్బరి తోటల రాబడితో స్థలమిచ్చినవారు, గది కట్టించినవారు, చందా పోగుచేసినవారు ఈ సీమలో తక్కువమంది కారు. 1951లో అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసిన తరువాత డిగ్రీ చదువుకు రేవు దాటవలసిన అవసరము తగ్గినది. 1959లో పంచాయతీరాజ్యము వచ్చి ప్రాథమిక పాఠశాలలు సమితులకు, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుకు చెందినవి. నేటి పెద్దలలో కలెక్టరులైనవారు, డాక్టరులైనవారు, అమెరికా చేరినవారు, ఎందరో జిల్లా పరిషత్తు హైస్కూళ్ళ బల్లలమీద కూర్చున్నవారే. భూస్వామి కొడుకును, కూలివాని కొడుకును ఒకే హాజరుపట్టీలో కనబడిన కాలము కోనసీమలో మూడు నాలుగు దశాబ్దములకు మించలేదని మా అంచనా. ఆ కాలమున ఆ బడిలో మేష్టరు రాకపోయిన అడుగుటకు ఊరిలో నోరున్నవాడు ఉండెడివాడు.

నదిని మరచి ఈ సీమ బడుల మాట చెప్పరాదు. లంకగ్రామముల పిల్లలు పడవ ఎక్కి రేవు దాటి బడికి పోవుదురు. శ్రావణ భాద్రపదములలో గోదావరి ఎర్రగా పొంగినపుడు పడవ కట్టివేయబడును, హాజరు పడిపోవును. 1986 ఆగస్టు వరదలోను, 1996 నవంబరు 6వ తేదీ తుపానులోను బడి భవనమే ఊరికి శరణాలయమైనది. తుపానుకు కొబ్బరిచెట్లు నేలకూలిన ఇండ్లలో పిల్లల చదువు ఏమైనదో ఆ సంవత్సరపు పరీక్షాఫలితములలో వెదకిన కనబడదు. బడి మానినవాడు పరీక్షకే కూర్చుండడు గదా! ఫలితముల పట్టిక చూచి బడికి మార్కులు వేయువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. 2011 జనాభా లెక్కలలో తూర్పుగోదావరి జిల్లా అక్షరాస్యత వందకు 70.99, వసిష్ఠకు ఆవల పశ్చిమగోదావరిలో 74.63. అదే ఆనకట్ట, అదే నీరు. ఈ నాలుగు పాళ్ళ తేడాలో తూర్పు జిల్లా మన్యపు గ్రామములకును, అక్కడి దూరాభారములకును వాటా కలదు.

1980 తరువాత తిరిగి రెండు జాబితాలు విడిపోజొచ్చినవి. ఇంగ్లీషు మాధ్యమపు ప్రైవేటు బడుల బస్సులు కొబ్బరితోటల నడుమ రోడ్లమీదికి వచ్చినవి. భూమిగలవారి పిల్లలు మొదట పోయిరి, ఉద్యోగుల పిల్లలు వెంట పోయిరి. తరువాత కువైటు, దుబాయి, మస్కటులలో ఇంటిపనికిని కూలికిని పోయిన తల్లులు పంపిన డబ్బుతో పేటల పిల్లలు కూడ కొందరు ఆ బస్సు ఎక్కిరి. తల్లిని ఏండ్ల తరబడి చూడక చదువుకొన్న పిల్లవాని బడి జీతము ఏ ప్రభుత్వపు లెక్కలోనికి రాదు. కోనసీమలో నేడు చదువుకై పడుచున్న ఖర్చులో అన్నిటికంటె బరువైనది అదియే యని మేము తలతుము. ప్రభుత్వ బడిలో మిగిలినవారు ఆ బస్సుకు జీతము కట్టలేని ఇండ్లవారు. మేష్టరు అర్హతలో ప్రభుత్వ బడి తీసిపోదు, గదులు బాగుపడినవి, 2003నుండి మధ్యాహ్న భోజనము వండి పెట్టుచున్నారు. లేనిది ఊరిలో మాట చెల్లువారి పిల్లవాడు.

ఇది మన సీమకే పరిమితమైన చిక్కు కాదు. అమెరికాలో బడి ఖర్చులో పెద్ద భాగము ఆ పేటలోని ఇండ్లమీది పన్నునుండి వచ్చును. టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరమున ఎడ్జ్‌వుడ్ అను బీదపేట, ఆలమో హైట్స్ అను సంపన్నుల శివారు, రెండు వేర్వేరు బడిమండలములు. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కొక్క పిల్లవానిపై 356 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 594 డాలర్లు ఖర్చయినవి. వింత యేమనగా, బీదపేటవారే హెచ్చు రేటున పన్ను కట్టుచుండిరి. ఇండ్ల విలువ తక్కువ గనుక రాబడి తక్కువ. తల్లిదండ్రులు వ్యాజ్యము వేయగా 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురు తేడాతో ఇది రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పెను. టేలరు కాలపు డెల్టా రైతు ఈ ఏర్పాటును చూచిన వెంటనే గుర్తుపట్టియుండును. నేడు ఆ దేశపు శివారులలో ఇల్లు కొను మన తెలుగువారు గదుల లెక్కకంటె ముందు బడి ఏ మండలములోనిదని అడుగుచున్నారు.

మన దేశమున మార్గము వేరు. 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు, ప్రభుత్వ ఖజానానుండి జీతము తీసికొనువారు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపవలెనని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వమును ఆదేశించెను. అది అమలు కాలేదు. కాని 2010 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టములో ఒక ఏర్పాటు కలదు, దానినిగూర్చి రావలసినంత చర్చ రాలేదు. ప్రభుత్వ బడికి యాజమాన్య సంఘముండవలెను, అందులో నాలుగింట మూడువంతులు ఆ బడిలో చదువు పిల్లల తల్లిదండ్రులై యుండవలెను, సభ్యులలో సగముమంది స్త్రీలు. తాలూకా బోర్డులో ఓటు పన్ను కట్టినవానిది. ఇక్కడ ఓటు పిల్లను పంపినవారిది. తాత బడికి స్థలమిచ్చినను, మనుమని బస్సెక్కించిన ఇంటికి ఇందులో చోటు లేదు. 2022 ఏప్రిలులో కోనసీమ వేరు జిల్లా అయినది. ఆ జిల్లా బడులలో ఈ సంఘముల సమావేశమునకు వచ్చి మరుగుదొడ్డి నీటిని గురించి, అన్నములో ఉడకని పప్పును గురించి, సెలవు పెట్టని మేష్టరును గురించి అడుగవలసినవారు, ఉదయము నాటు వేసి మధ్యాహ్నము కూలి విడిచి రావలసిన తల్లులు.